తగ్గించడానికి సరిపడా పొగ

ఆ ఉదయం అకౌంటెంటు వేసుకున్న పథకం చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు చేరాలి. చైర్మన్ గారు రాగానే వెనకే గదిలోకి వెళ్ళాలి. కొత్తగా పెట్టబోతున్న పర్యావరణ విభాగానికి తనను అధికారిగా వెయ్యమని అడగాలి. ఆ పదవితో పాటు ఒక గది వస్తుంది. తలుపున్న గది. హాలు మధ్యలో కూర్చుని, ఊరందరి దగ్గులూ ఫోన్లూ ఇన్నేళ్ళు భరించిన మనిషికి అంతకంటే ఏం కావాలి? జీతం పెంచకపోయినా పోనీలే అనుకున్నాడు.

పదవికి కావలసిన అర్హత ఆయన ఒంట్లోనే ఉంది. ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే తన నెత్తురే ఎక్కడో బొట్లుబొట్లుగా కారిపోతున్నట్టుండేది ఆయనకు. లేచి వెళ్ళి ఆర్పితే తప్ప స్థిమితం ఉండేది కాదు. అందుకే ఆఫీసులో అందరూ స్విచ్చుల మాస్టారు అనేవారు. వాళ్ళది చొక్కా గుండీలు చేసే కంపెనీ. షేర్లు మార్కెట్లో ఉన్నాయి కాబట్టి, ఎంత కరెంటు కాల్చిందో, ఎన్ని నీళ్ళు పారబోసిందో, ఎంత పొగ వదిలిందో ఈ ఏడాది నుంచి లెక్క తేల్చి లోకానికి చెప్పుకోవాలి. కొత్త నిబంధన.

"సగానికి దించేస్తాను సార్, నాకు వదిలెయ్యండి," అన్నాడు అకౌంటెంటు.

చైర్మన్ గారు కుర్చీలోంచి లేచారు. "నా కొంప ముంచుతావా ఏంటయ్యా! ఈ ఏడాదిదే మొదటి లెక్క. వచ్చే ఏడాది నుంచి దీనికంటే తగ్గుతూ పోవాలి. ఇప్పుడే తగ్గించేస్తే అప్పుడేం తగ్గిస్తాం, నా తలకాయా?"

"అంటే..."

"సన్నబడతానని మా ఆవిడ వాళ్ళ చెల్లెలితో పందెం కాసింది. మొదటిసారి బరువు చూసుకునే రోజున చెంబుడు నీళ్ళు తాగి, బూట్లేసుకుని మరీ ఎక్కింది కాటా. మనమూ అంతే. కాల్చు, పారబొయ్యి. ఏడాది చివర తనిఖీకి వచ్చేసరికి లెక్క కొండంత ఉంటే ఆ గది నీది. మూడో కంటికి తెలిసిందో, నీకు హాల్లో కుర్చీ కూడా ఉండదు."

మొదటిరోజు ఆయన వల్ల కాలేదు. మీటింగు గదిలో లైట్లన్నీ వేసి బయటికి వచ్చాడు. నాలుగడుగులు వేశాక చూసుకుంటే, చెయ్యి తనను అడగకుండానే వాటిని ఆర్పి వచ్చింది. చెయ్యి తనకంటే నిజాయితీ గలదని తెలిసి సిగ్గుపడి, దాన్ని జేబులో దాచుకుని తిరిగాడు. తర్వాత్తర్వాత అలవాటైంది. ఆ పైన భయం వేసేంత సుఖంగా కూడా అనిపించసాగింది. ఏ కుళాయి వాషరు అరిగిందో, ఏ కిటికీ తెరిస్తే ఏసీ చల్లదనం వీధిపాలవుతుందో, అంతకాలం కాపలా కాసినవాడికి కాక ఎవరికి తెలుస్తుంది? కరెంటు ఉండగానే జనరేటరు నడిపించాడు. గుండీలకు చలి వెయ్యకుండా గోడౌనులో హీటర్లు పెట్టించాడు.

"మాస్టారూ, మీటింగు గదిలో లైట్లు వెలుగుతున్నాయి," అంది టెలిఫోన్ ఆపరేటరు.

"వెలగనీలే అమ్మా," అన్నాడాయన మెత్తగా.

ఆ మెత్తదనంతోనే వచ్చింది తంటా. ఆమె పరుగున స్టోర్ కీపరు దగ్గరికి వెళ్ళింది. "వెలగనీలే అన్నారండీ! ఆ స్విచ్చుల్ని కన్నబిడ్డల్లా చూసుకునే మనిషి! కంపెనీ మూసేస్తున్నారు. లెక్కలు రాసేది ఆయనే కదా, ముందే తెలిసిపోయింది."

"ఖాళీ చేసే ఇంటికి సున్నం ఎవడు వేస్తాడులే," అని స్టోర్ కీపరు తన షేర్లు అమ్మేశాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని తోడల్లుడికి చెప్పాడు. తోడల్లుడు ఇంకో నలుగురి చేత ఒట్టు వేయించుకున్నాడు. సాయంత్రానికి మార్కెట్టంతా ఒట్లు వేసుకుంది. షేరు ధర మెట్లు దిగడం మొదలుపెట్టింది.

ఇంట్లో కూడా ఆయన చెయ్యి మారిపోయింది. "ఏమండీ, బాత్రూములో లైటు ఆర్పలేదు మీరు," అంది భార్య.

"ఉండనీలే."

ఆవిడ మంచం మీద కూలబడింది. "డాక్టరేమన్నాడు? నాకు నిజం చెప్పండి."

తెల్లారేసరికి బావమరిది దిగాడు. "బావా, మా అక్క దగ్గర దాచు, నా దగ్గర దాచకు. ఎన్నాళ్ళన్నారు?"

"ఒరేయ్, ఇది ఆఫీసు విషయంరా. చెప్పకూడదు."

"ఆఫీసులో కూడా తెలిసిపోయిందా!" అని బావమరిది కళ్ళొత్తుకుని, ఆఫీసుకు ఫోన్ చేసి, ఆయన్ను ఎక్కువ కష్టపెట్టవద్దని ఆపరేటరును బతిమాలాడు. ఆపరేటరు ఫోన్ పెట్టేసి హాలంతా వినిపించేలా చెప్పింది. "చూశారా, కంపెనీ మీద బెంగతో మంచం పట్టారు పాపం!"

చైర్మన్ గారు విలేకరుల్ని పిలిచి, కంపెనీ ఆరోగ్యంగా ఉందని ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్నవాడు ఆ సంగతి పేపర్లో ఎందుకు వేయించుకుంటాడని చొక్కాల ఫ్యాక్టరీల వాళ్ళు సగం ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. "మరి పట్టపగలు ఇన్ని లైట్లెందుకు సార్?" అని ఒక విలేకరి అడిగాడు. చైర్మన్ గారు అందరికీ కాఫీలు తెప్పించారు.

"ఆర్పెయ్యవయ్యా ఆ దిక్కుమాలిన లైట్లు!" అని ఆయన ఆ సాయంత్రం అరిచారు. ఆర్పారు. కంపెనీకి కరెంటు కూడా కోసేశారని ఊరంతా అనుకుంది. మిగిలిన ఆర్డర్లూ పోయాయి. యంత్రాలన్నీ ఆగిపోయి, మిగతా ఏడాదంతా గుడ్డ కప్పుకుని పడుకున్నాయి.

ఏడాది చివర తనిఖీ అధికారిణి వచ్చింది. అంకెలు ఒకసారి చూసింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. మాస్టారు ప్రాణం పెట్టి చేసిన దుబారా అంతా కలిపినా, ఆగిపోయిన యంత్రాలు తినవలసిన కరెంటు ముందు ఏ మూలకూ రాలేదు.

"ఇంత తక్కువ నేనెక్కడా చూడలేదు సార్," అందామె. "మిగతా కంపెనీల వాళ్ళు పర్యావరణ కమిటీలో ఎవరుండాలో ఇంకా తేల్చుకోలేదు. మీరు మొదటి ఏడాదే ఇలా ఎలా సాధించారు?"

"అందరం కష్టపడ్డాం," అన్నారు చైర్మన్ గారు నీరసంగా.

పేపర్లు ఆదర్శ కంపెనీ అని రాశాయి. షేరు లేచి కూర్చుంది. పర్యావరణాన్ని ప్రేమించే గుండీలే కావాలని ఆర్డర్లు వచ్చిపడ్డాయి. కొత్త గదిలోకి అకౌంటెంటును చైర్మన్ గారే స్వయంగా తీసుకువెళ్ళారు.

"పేపర్లో నీ ఫోటో పడింది కాబట్టి ఇస్తున్నా, సంతోషించు. ఇక ఈ అంకె కంటే తగ్గాలి. ఆర్డర్లన్నీ పూర్తవ్వాలి. ఎలాగో నువ్వే చెప్పు," అని తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయారు.

దగ్గులు లేవు, ఫోన్లు లేవు. అన్నేళ్ళుగా కోరుకున్న నిశ్శబ్దంలో ఆయన సాయంత్రం దాకా ఆలోచించాడు. ఒకే ఒక్క దారి కనిపించింది, కంపెనీ మూసెయ్యడం.

రిపోర్టు మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది.