పొగ బాగుంది, కానీ మీది కాదు

మనిషికి ప్రాణం ఎక్కడుంటుందో వేదాంతులు ఇంకా తేల్చలేదు. కారుకు ప్రాణం ఎక్కడుంటుందో మాత్రం ప్రభుత్వం ఎప్పుడో తేల్చేసింది. అది ఇంజిన్లో ఉండదు. ఆర్.సి. పుస్తకంలో ‘ఇంజిన్ నంబరు’ అనే గడిలో ఉంటుంది. ఆ గడిలో ఉన్న అంకెలు బానెట్ కింద కనిపిస్తే కారు బతికున్నట్టు. కనిపించకపోతే, అది నూరు మైళ్ళ వేగంతో మీ మీదికి దూసుకొస్తున్నా సరే, లేనట్టే లెక్క.

ఈ సత్యం నాకు కొత్తగా తెలిసింది కాదు. నా పేరు ఆదినారాయణ, ఊరు ప్రొద్దుటూరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ఆర్టీవో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. (ఏ ఊరి ఆఫీసో చెప్పను. అక్కడ నాకు టీ తెప్పించేవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు.) అందులో పంతొమ్మిదేళ్ళు నాలుగో కౌంటరు నాది. బండికి ఇంజిను మారిస్తే ఆ సంగతి పుస్తకంలో ఎక్కించడం నాలుగో కౌంటరు పని. ఎక్కించకపోవడం కూడా నాలుగో కౌంటరు పనే. నేను రెండో పనిలో ఎక్కువ రాణించాను. నా దగ్గరికొచ్చినవాడు మొదటి రోజే పని ముగించుకుని పోయిన దాఖలా ఒక్కటి కూడా లేదు. ఆడిట్ వాళ్ళు వెతికి కూడా ఇందులో ఒక్క లోపం చూపలేకపోయారు.

నాకొక అంబాసిడర్ కారుంది. 1990 నాటిది, పుట్టుకతో పెట్రోలు బండి. పెట్రోలు తాగడంలో మా పెద్ద బావమరిదిని తలపించేది. ఆ రోజుల్లో మా వైపు ఒక ఆనవాయితీ ఉండేది. పెట్రోలు అంబాసిడర్ కొన్నవాడు ఒకటి రెండేళ్ళు భరించి, శుభ్రంగా నడుస్తున్న ఇంజిన్ని పీకేయించి, ఎక్కడో మూలపడిన మెటడోర్ వ్యాను డీజిలు ఇంజిన్ని దాంట్లో పెట్టించుకునేవాడు. ఆ పని చేయించుకున్నవాణ్ణి తెలివైనవాడనేవారు. నేను కూడా 1999లో తెలివైనవాణ్ణయ్యాను.

పని చేసింది జమ్మలమడుగు ఇస్మాయిల్. పదకొండు రోజులు పట్టింది. ఆ ఇంజిను ఈ కారులో కూర్చోవడానికి కావలసిన ఇనుప పట్టీలు బజారులో దొరక్కపోతే, తన ఇంటి గేటు కోసి చేశాడు. (వాళ్ళావిడ దిల్షాద్‌బీ ఆ గేటు మాట ఇప్పటికీ ఎత్తుతుంది. నేను వెళ్ళినప్పుడే ఎత్తుతుంది.) పని అయ్యాక ఇంజిను స్టార్టు చేసి, పొగ గొట్టానికి తెల్ల జేబురుమాలు అడ్డం పట్టి, నోటితో నూరు లెక్కపెట్టాడు. అది ఇస్మాయిల్ పరీక్ష. మా ప్రొద్దుటూరు వాళ్ళు బంగారాన్ని గీటురాయి మీద గీసి నమ్మితే, అతను ఇంజిన్ని రుమాలు మీద నమ్ముతాడు. రుమాలు తెల్లగానే ఉంది.

“మామా, నాకు ఇంగేం వద్దు. ఈ పని ఇస్మాయిల్ చేసినాడని సర్కారు పుస్తకంలో ఎక్కియ్యి. ఆ ఫారంలో మెకానిక్ పేరుకు ఒక గడి ఉందంట కదా. ఆడ కూచునేది నువ్వే కదప్పా” అన్నాడు.

అదెంత పని అన్నాను. ఫారం నింపాను, అతని చేత సంతకం పెట్టించుకున్నాను, ఆఫీసుకు పట్టుకుపోయాను. వారం తర్వాత కనబడి “ఎక్కిందా మామా?” అన్నాడు. “ఎక్కినట్టే” అన్నాను. (ఆఫీసు భాషలో దీనికి ఎక్కలేదని అర్థం. పాపం, అతనికి తెలియదు.)

ఆనాటి నుంచి ఇస్మాయిల్ కనబడిన ప్రతివాడికీ తన పని సర్కారు పుస్తకంలో ఉందని చెప్పుకున్నాడు. అబద్ధం కాదని నమ్మి చెప్పుకున్నాడు. ఇప్పుడు అతనికి డెబ్బై. ఒక కంటికి శుక్లం. పోయిన రంజాన్ తర్వాత షెడ్డు మూసేశాడు. చేతులారా అతను మార్చిన ఇంజిన్లలో ఇంకా నడుస్తున్నది మా కారులోది ఒక్కటే. మిగతావన్నీ తుక్కులోకి పోయాయి. అందుకని నెలకొకసారి బస్సెక్కి వచ్చి, దాన్ని స్టార్టు చేయించి, రుమాలు పట్టి చూసి, మా ఆవిడ కృష్ణమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్తాడు.

పీకేసిన పెట్రోలు ఇంజిను మా పెరట్లో ఉంది. కృష్ణమ్మ దానికి బర్రెను కడుతుంది.

నేను సీట్లో ఉన్నంతకాలం మా కారు బానెట్ ఎత్తమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ తర్వాత కాలం మారింది. పులివెందుల దారిలో ‘వాహన శ్వాస నిర్ధారణ కేంద్రం’ అని ఒకటి వెలిసింది. పోయిన నెల నా ఫోనుకు సందేశం వచ్చింది. ఈ నెలాఖరులోగా మీ వాహనం శ్వాస పరీక్షలో ఉత్తీర్ణం కావలెను, కానిచో తుక్కు యంత్రమునకు అప్పగించబడును అని. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టారు.

ఇస్మాయిల్‌కు ఫోను చేసి చెప్పాను. “తుక్కా? మామా, అది ఒక్కటే ఉండేది నాకు” అన్నాడు. కారు నాది. ఆ మాట అనడానికి నోరు రాలేదు.

పరీక్షకు సమయం ‘శ్వాసమిత్ర’ అనే యాప్‌లో తీసుకోవాలి. ముందుగా కారు పొగ ఫొటో పెట్టమంది. పెట్టాను. ‘పొగ స్పష్టంగా కనిపించడం లేదు, మళ్ళీ తీయండి’ అంది. ఇస్మాయిల్ పనితనం వల్ల మా కారు పొగ కంటికి కనబడదు. నాలుగుసార్లు తీసి, విసిగి, కృష్ణమ్మ నీళ్ళు కాచే పొయ్యి ఫొటో పెట్టాను. ‘ధన్యవాదాలు, మీ పొగ స్వీకరించబడింది’ అని వచ్చింది.

మంగళవారం ఇస్మాయిల్‌ని ఎక్కించుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల వెళ్ళాను. అక్కడి ఇన్‌స్పెక్టరు హేమలత అనే అమ్మాయి. మర్యాదస్తురాలు, టీ కూడా తాగదు. ఇలాంటి అధికారుల వల్లే ప్రజలు ఎక్కువ ఇబ్బంది పడతారని నా అనుభవం. పొగ గొట్టంలో పరీక్ష యంత్రం గొట్టం పెట్టి ఇంజిను రేజు చేయమంది. యంత్రం మీద అంకె పడింది. హద్దు అరవై ఐదు, మాది ముప్పై ఒకటి. ఇస్మాయిల్ రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. పెళ్ళికొడుకులా ఉన్నాడు.

ఆమె బానెట్ ఎత్తించి, టార్చి వేసి, వంగి, పుస్తకం చూసి, మళ్ళీ వంగింది.

“సార్, పొగ శానా బాగుంది. కానీ ఇది మీది కాదు.”

“మరెవరిదమ్మా?”

“మెటడోర్ వ్యానుది సార్. మీ పుస్తకంలో ఉండేది పెట్రోలు ఇంజిను. ఆ ఇంజిను పొగ కావాల నాకు.”

“అదేందమ్మా!” ఇస్మాయిల్ ముందుకొచ్చాడు. “ఇంజిను మార్చినేది పుస్తకంలో ఎక్కింది కదా. ఈ మామే ఎక్కిచ్చినాడు, నా పేరుతో సహా. బాగ సూడు తల్లీ.”

ఆమె బాగా చూసింది. లేదంది. ఇస్మాయిల్ నా వైపు చూశాడు. ఆ పేజీ చెదలు తినుంటుందన్నాను. పుస్తకం కొత్తగా ఉంది, పేజీలన్నీ ఉన్నాయి. అయినా అతను నన్ను నమ్మాడు. ఆ నమ్మకం చూసి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతో నిజం చెప్పే అవకాశం ఉండింది, కానీ లైన్లో వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి.

మార్పును ఇప్పుడు ఎక్కించాలంటే ఏం కావాలని అడిగాను. ఆమె కంప్యూటరు చూసి చదివింది. ఇంజిను ఇచ్చిన వ్యాను యజమాని అంగీకార పత్రం కావాలి. ఆయన చనిపోయి ఉంటే, బతికున్న కాలంలో తనకు అభ్యంతరం లేదని చనిపోయినాయన స్వయంగా ఇచ్చిన పత్రం కావాలి. అది కూడా మూడు ప్రతులు.

ఈ షరతులు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. నావే. 2003లో పెద్దముడియం నుంచి షాహుల్ అనే జీపు ఆసామి సరిగ్గా నేను క్యారియర్ విప్పే వేళకు వచ్చాడు. ఆకలి మీద ఉన్నాను. నోటికొచ్చినవి చెప్పి పంపించి, మళ్ళీ అడుగుతాడేమోనని కాగితం మీద రాసి గోడకు అంటించాను. కంప్యూటర్లు వచ్చిన ఏడాది ఎవరో శ్రద్ధగా దాన్ని కూడా ఎక్కించినట్టున్నారు. నా సర్వీసులో పూర్తిగా అమలైన పని ఇది ఒక్కటే అనుకుంటాను.

అయితే నేను ఉత్త గుమాస్తాను కాను, నిబంధనలు చదివిన గుమాస్తాను. ఆ కేంద్రం గోడ మీది బోర్డులో పదకొండో నిబంధన ఇలా ఉంది: ‘పుస్తకములో నంబరు గల ఇంజిను వాహనములో ఉండవలెను.’ వాహనంలో ఎక్కడ ఉండవలెనో రాయలేదు.

గురువారం పొద్దున్నే చైన్ బ్లాకు తెప్పించి, పెరట్లోని పెట్రోలు ఇంజిన్ని ఎత్తి కారు డిక్కీలో పెట్టించాం.

“ఏందయ్యా, బర్రెను యాడ కట్టేయల్ల?” అంది కృష్ణమ్మ.

“ఒక్కపూట ఎక్కడో కట్టేయవే!”

ఆమె దాన్ని నా పడకకుర్చీకి కట్టింది. (మేం తిరిగొచ్చేసరికి రెండూ లేవు. బర్రె దువ్వూరు దారిలో దొరికింది.)

డిక్కీ బరువుకు కారు ముందు భాగం పైకి లేచింది. ముద్దనూరు దాకా నేను రోడ్డు కంటే ఆకాశాన్నే ఎక్కువ చూశాను. పక్కన ఇస్మాయిల్ గొణుగుతూనే ఉన్నాడు. “పని చేసే ఇంజిన్ను పక్కన పెట్టి, బర్రె ఇంజిన్ను సూపిచ్చేదేంది మామా? నేనేమన్నా తప్పు పని చేసినానా?” నువ్వు చేయలేదన్నాను. ఆ ఒక్కటీ నిజమే చెప్పాను.

హేమలత డిక్కీ తెరిపించింది. నంబరు చూసింది. పుస్తకంతో సరిపోయింది. బోర్డు మీది పదకొండో నిబంధనను రెండుసార్లు చదివింది. తర్వాత, నేను గౌరవించక తప్పని నిజాయితీతో, గొట్టం తీసుకొచ్చి డిక్కీలోని ఇంజినుకే పెట్టింది. పేడ అంటిన ఇంజిను కదలకుండా పరీక్ష రాసింది. యంత్రం మీద అంకె పడింది. సున్నా.

“పాసా?” అన్నాను. మా జిల్లాలో ఇంత స్వచ్ఛమైన బండి ఇంకొకటి ఉండదు కదా!

నా ఫోను మోగింది. సందేశం. ‘మీ వాహనం నుండి ఎట్టి శ్వాస వెలువడనందున అది మరణించినట్లు నిర్ధారించడమైనది. నలభై ఎనిమిది గంటలలో తుక్కు యంత్రమునకు తరలించబడును. మీ కుటుంబానికి ప్రగాఢ సానుభూతి. మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’

కారు అప్పటికీ స్టార్టులోనే ఉంది. ఇస్మాయిల్ బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు.

“నడుస్తాండే బండిని సచ్చిపోయిందంటావేంది తల్లీ? చెయ్యి పెట్టి సూడు, ఎచ్చగుంది. మా ఇంటి గేటు కోసి కూచోబెట్టినా దీన్ని. ఇరవై ఆరేండ్లు. ఒక్కరోజు దావలో నిలబెట్టలేదమ్మా ఎవురినీ.”

హేమలత నిజంగానే చెయ్యి పెట్టి చూసింది. నాకు ఏడుపొచ్చింది. కారు కోసమా, అతని కోసమా, నా తెలివి కోసమా అని అడగకండి. మూడూ ఉన్నాయి.

“ఉండండి సార్” అందామె. “ఏదన్నా దరఖాస్తు తేలకుండా ఉన్న బండిని తుక్కుకు పంపకూడదని ఒక రూలుంది. పాత ఫైళ్ళన్నీ స్కాన్ చేసి పెట్టినారు. మీ బండి మీద ఏదన్నా ఉందేమో చూస్తా.”

వద్దమ్మా అనబోయాను. ఆమె అప్పటికే నంబరు కొట్టింది.

“ఉంది సార్! మీ బండి బతికింది.” ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. గట్టిగా చదివింది. “ఆగస్టు 1999. ఇంజిను మార్పు నమోదు. దరఖాస్తుదారు ఆదినారాయణ. మెకానిక్ ఇస్మాయిల్, జమ్మలమడుగు. పరిస్థితి: పరిశీలనలో ఉంది. రిమార్కు: దరఖాస్తుదారు హాజరు కాలేదు, రేపు రమ్మనడమైనది. సంతకం, నాలుగో కౌంటరు.”

ఆ రిమార్కులో నిబంధనల ప్రకారం తప్పేమీ లేదని మనవి చేస్తున్నాను. దరఖాస్తుదారు వచ్చి కౌంటరు ముందు నిలబడాలి. ఆ రోజు నేను కౌంటరు వెనక కూర్చుని ఉన్నాను. తలెత్తి చూస్తే ముందు ఎవరూ లేరు. రాలేదని రాశాను. మరుసటి రోజు కూడా నేను వెనకే కూర్చున్నాను. అలా రిటైరయ్యేదాకా ఒక్కరోజు కూడా ముందుకు పోయి నిలబడలేదు.

“ఇది తేలనంతకాలం బండిని ఎవరూ ముట్టుకోలేరు సార్. నిశ్చింతగా తిప్పుకోండి” అంది హేమలత. “కాకపోతే పుస్తకంలో ఈయన పేరు ఎక్కదు. ఎక్కాలంటే రిమార్కు రాసినాయనే వచ్చి తీసేయాల. ఆయనెవరో మీకేమన్నా తెలుసా?”

ఇస్మాయిల్ తెల్ల రుమాలు తీసి, పొగ గొట్టం దగ్గరికి పోయి, అడ్డం పట్టి, మెల్లగా నూరు లెక్కపెట్టాడు. మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“మామా, తొంభై తొమ్మిదిలో ఆ నాలుగో కౌంటర్లో ఎవురు కూచుంటాండె?”

ఎవరు కూర్చునేవారో అతనికి తెలుసు. ప్రతి రంజాన్‌కూ షీర్‌ఖుర్మా గిన్నె ఆ కౌంటరు మీదే పెట్టి, మూత సరిచేసి పోయేవాడు. అయినా జవాబు కోసం నిలబడ్డాడు, నాలుగో కౌంటరు ముందు జనం నిలబడినట్టే.

“ఆయన ఈరోజు సీట్లో లేడు ఇస్మాయిలూ” అన్నాను. “రేపు రా.”