‘లాగా’ తీసేస్తే లోకం బాగుపడుతుంది!

మనిషి కనిపెట్టినవాటిల్లో నిప్పు మొదటిది, చక్రం రెండోది అని చదివి పరీక్ష పాసయినవాణ్ణి. మూడోది ఏదో ఏ మాస్టారూ చెప్పలేదు. నేను చెబుతాను. హ్యాష్‌ట్యాగ్ ర్యాప్!

నవ్వకండి. మా ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. ఆలోచించకుండా మాట్లాడను.

సంగతి చాలా తేలిక. ‘నా కోపం పాలలాగా పొంగింది’ అనడం పాత పద్ధతి. ‘నా కోపం పొంగింది… పాలు!’ అంటే హ్యాష్‌ట్యాగ్ ర్యాప్. ‘లాగా’ తీసెయ్యాలి. ఒక్క క్షణం ఆగాలి. వస్తువు పేరు పడెయ్యాలి. మిగతాది వినేవాడే కలుపుకుంటాడు. ఎంత పొదుపు! పాటలో సగం శ్రోతే రాసుకోవడం కన్నా ప్రజాస్వామ్యం ఉంటుందా?

ఇది నాకు నేర్పింది మా అక్క. బట్టలు కుడుతుంది. వయసు నలభై నాలుగు. కుట్టుమిషను చప్పుడే ఆమెకు బీటు. “పిలిస్తే పలకవు…” అంటుంది, పుటుక్కున దారం తెంపుతుంది, “కస్టమర్ కేర్!” అంటుంది. గుడ్డ తెచ్చినవాళ్ళు కొలతలు ఇవ్వడం మరిచిపోయి చప్పట్లు కొట్టేవాళ్ళు.

చూస్తుండగానే ఇది ఊరంతా పాకింది. మా ఆఫీసరు నా రిపోర్టు తిరగేసి, “ఇది… దోమతెర!” అన్నారు. ఆఫీసును కాపాడుతున్నానని రెండు రోజులు పొంగిపోయాను. మూడో రోజు తెలిసింది, ఆయన చిల్లుల గురించి అన్నారని! డాక్టరు మా పక్కింటాయన ఛాతీ విని, “మీ గుండె… పాత గోడగడియారం” అనేసి తర్వాతి పేషెంటును పిలిచాడు. ఆగిపోతుందనా? ఇన్నాళ్ళూ బాగా నడిచిందనా? పాపం ఆయన వారంపాటు గుండెల మీంచి చెయ్యి తియ్యలేదు. అయితేనేం, డాక్టరుకు అర నిమిషం కలిసొచ్చింది కదా!

అలాంటి వరాన్ని చంపింది ఎవరనుకున్నారు? ర్యాపర్లే! అందరి నోళ్ళలోనూ నానేసరికి వాళ్ళకు మొహం మొత్తింది. మొన్నటి ర్యాప్ పోటీ ఫైనల్‌కు సరిగ్గా వారం ముందు జడ్జి వీడియో పెట్టాడు: “ఇంకా ఆగి ఆగి వస్తువుల పేర్లు చెప్పేవాళ్ళు స్టేజీ ఎక్కకండి బాబూ!”

అక్క ఫైనల్లో ఉంది. మూడు నెలలు కూర్చుకున్న పాట. అందులో ముప్పై రెండు చోట్ల ఆగుతుంది.

“ఒరేయ్, డిగ్రీ చదివావు కదా! నేను పీకేసిన చోటల్లా ‘లాగా’లు మళ్ళీ పెట్టివ్వు,” అంది.

ఇలాంటి పనికేగా నన్ను చదివించింది! ఒకే మాట ముప్పై రెండుసార్లు వస్తే ఏం బాగుంటుందని, ఆఫీసులో నేర్చిన పనితనమంతా చూపించాను. ‘వలె’, ‘మాదిరిగా’, ‘పైన పేర్కొన్న విధముగా’. మార్జిను గీశాను. అలవాటు కొద్దీ కింద సంతకం కూడా పెట్టబోయాను.

స్టేజీ మీద అక్క అందుకుంది: “నా కోపము పాల వలె పొంగినది, నా ఓపిక పైన పేర్కొన్న పాల మాదిరిగా…” ఊపిరి అందలేదు. హాలు గొల్లుమంది. జడ్జి బల్ల మీద వాలిపోయి నవ్వుతున్నాడు. బీటు తన దారిన తాను పోతోంది.

అక్క నా కాగితం మడిచి, కొలతల టేపు ఉండే జేబులో పెట్టుకుంది. కుడిపాదం మాత్రం మిషను తొక్కుతున్నట్టే ఆడుతోంది. అప్పుడు మొదలెట్టింది, ఏ పోలికా లేకుండా, ఎక్కడా ఆగకుండా:

“తమ్ముడు చదవాలని ఏడో క్లాసులో బడి మానేశాను! వాడు కాలేజీకి తొడిగిన ప్రతి చొక్కా నేనే కుట్టాను! వాడి పట్టాకు ఫ్రేమ్ నేనే కట్టించాను, దాని మీద దుమ్ము ఇవాళ్టికీ నేనే తుడుస్తున్నాను! అన్ని పుస్తకాలు చదివినవాడికి నాతో ఒక్క మంచి మాట చెప్పడం రాలేదు!”

నవ్వులు ఎప్పుడు ఆగాయో నాకు తెలీదు. రెండో బహుమతి ఇచ్చారు. “వాక్యం పూర్తిగా చెప్పడం! ఇదీ కొత్త స్టైలంటే!” అన్నాడు జడ్జి.

చూశారా ప్రమాదం? ‘లాగా’ పోయినన్నాళ్ళూ నాకు ఏ ఇబ్బందీ లేదు. ఆగడం పోయేసరికి నా బండారం నాలుగు వందల మంది ముందు బయటపడింది! అందుకే మొరపెట్టుకుంటున్నాను: ఆ పద్ధతిని బతికించండి. సగం వాక్యంతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన నాలాంటివాళ్ళు ఏమైపోవాలి?

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మిషను పక్కన నిలబడ్డాను.

“అక్కా, నువ్వు నాకు…” అన్నాను. ఆగాను.

ఆమె మిషను ఆపింది. పుటుక్కున దారం తెంపింది. “ఊఁ, వస్తువు పేరు చెప్పు,” అంది.

గొడుగు, దీపం, నిచ్చెన… అన్నీ తట్టాయి. ఒక్కటీ సరిపోలేదు.

అక్క చెయ్యి చాపింది. “చాల్లే, చొక్కా విప్పు. గుండీ ఊడింది.”

విప్పి ఇచ్చాను. మీరే చెప్పండి, బనీనుతో నిలబడి పూర్తి వాక్యం ఎలా చెప్పమంటారు?