ఆఫీసరుగారు తిన్నారా?

ఆ ఉదయం ఆ ఇంట్లో భార్యాభర్తలు వేసుకున్న పథకం చాలా చిన్నది. గుమస్తా ఆఫీసుకు బయలుదేరే ముందు కుక్కకు మందుబిళ్ళ వేయాలి. మధ్యాహ్నం బిళ్ళ భార్య వేయాలి. రాత్రి బిళ్ళ మళ్ళీ గుమస్తా వంతు. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఇద్దరూ ధైర్యంగా ఉన్నారు.

కుక్క పేరు ఆఫీసరు. దానికి ఇంకా ఏడాది నిండలేదు. పేరు పెట్టింది గుమస్తాయే. పగలంతా ఒక ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషికి, సాయంత్రం ఇంటికొచ్చి "ఆఫీసరూ, కూర్చో!" అంటే అది టక్కున కూర్చోవడంలో ఉన్న సుఖం ఇంతా అంతా కాదు. అలాంటి ఆఫీసరు ఈమధ్య ముందుకాలు ఎత్తిపట్టి కుంటడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు ఎక్స్‌రే తీసి, మోచేతి కీలులో చిన్న ఎముక ముక్క విరిగి ఇరుక్కుందని తేల్చాడు.

"కుక్కకి మోచెయ్యేంటండీ? నాలుగూ కాళ్ళే కదా?" అన్నాడు గుమస్తా.

"ముందు రెండూ చేతులేనండీ. ఆ సంగతి దానికి తెలీదు కాబట్టి వాటితో నడుస్తోంది," అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కష్టమంతా ఇంటికొచ్చాకే. కుక్క గెంతకూడదు, మెట్లెక్కకూడదు, నున్నటి గచ్చు మీద జారకూడదు, కుట్లు నాకకూడదు. అందుకని ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ నేల మీదికి దిగాయి. భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టి, దాని కింద కుక్కకు గది కట్టారు. మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ తగిలించారు. బెల్లు మోగితే ఎగిరి దూకుతుందని బెల్లుకు మేజోడు తొడిగి, తలుపు మీద ఒక అట్ట వేలాడదీశారు. "ఆఫీసరుగారు విశ్రాంతి తీసుకుంటున్నారు. బెల్లు కొట్టరాదు." బల్ల కుక్క అధీనంలోకి వెళ్ళిపోయింది కాబట్టి భార్యాభర్తలు వంటింట్లో నిలబడి తింటున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం మందు. "ఖాళీ కడుపున వెయ్యకండి. తిన్నాకే వెయ్యాలి. ఒక్క పూట కూడా తప్పకూడదు," అన్నాడు డాక్టరు. "మందు పడకపోతే వాపు తగ్గదు. వాపు తగ్గకపోతే కీలు బిగుసుకుపోతుంది. అప్పుడు జీవితాంతం కుంటుతూనే ఉంటుంది." ఈ మాట విన్నప్పటినుంచి గుమస్తా భార్యకు నిద్ర పట్టడం లేదు. గెంతడం తప్ప వేరే పని తెలియని ఆ పిల్లకుక్క కుంటుతూ తిరగడాన్ని ఆమె ఊహించుకోలేకపోయింది.

దురదృష్టవశాత్తూ కుక్క ఆమె చేతిది ముట్టడం మానేసింది. ఆసుపత్రిలో సూది పొడుస్తున్నప్పుడు గట్టిగా పట్టుకున్నది ఆమె. గుమస్తా ఆ సమయంలో రసీదు కోసమని బయటికి వెళ్ళి, రసీదు వచ్చాక కూడా బయటే ఉండిపోయాడు. కాబట్టి కుక్క దృష్టిలో దోషి ఎవరో స్పష్టంగా తేలిపోయింది.

"నాలుగు రోజులు సెలవు పెట్టకూడదూ?" అంది భార్య.

"ఏమని పెట్టను? ఆ మధ్య ఒకతను తన పెళ్ళికి సెలవడిగితే, నువ్వు లేకపోతే జరగదా అన్నాడు మా రూళ్ళకర్ర!"

రూళ్ళకర్ర అంటే గుమస్తా పనిచేసే ఆఫీసులో అసలు ఆఫీసరు. మనిషి నిటారుగా ఉంటాడు, మాట ఇంకా నిటారుగా ఉంటుంది. ఎవరి దగ్గరా కప్పు టీ కూడా పుచ్చుకోడు. నిబంధనలో లేనిది ఆయన దృష్టిలో లోకంలోనే లేదు. కుక్కకు ఆపరేషన్ అయితే సెలవు ఇవ్వాలన్న నిబంధన ఎక్కడా లేదు కాబట్టి గుమస్తా అడగనే లేదు. పైగా కుక్క పేరేమిటని అడిగితే అదొక గండం.

ఆ మధ్యాహ్నమే భార్య ఫోన్ చేసింది. గుమస్తా ఫోన్ చెవికి పెట్టుకుని పాత కాగితాల గదిలోకి పరిగెత్తాడు. అక్కడ బీరువా వెనక ఒక సహోద్యోగి కునుకు తీస్తున్నట్టు అతనికి తెలియదు. ఆ సహోద్యోగిని ఆఫీసంతా బదిలీ అని పిలుస్తారు. భార్య ఉద్యోగం చేస్తున్న ఊరికి బదిలీ చేయించుకోవడం ఒక్కటే అతని జీవితాశయం. దరఖాస్తు రూళ్ళకర్ర బల్ల మీద ఉంది. ఎప్పటినుంచి ఉందో రూళ్ళకర్రకే తెలియాలి.

ఫోన్‌లో భార్య ఏమంటోందో బదిలీకి వినబడలేదు. గుమస్తా మాటలు మాత్రం శుభ్రంగా వినిపించాయి.

"ఆఫీసరుగారు తిన్నారా?... తినలేదా? అలా ఎదురుగా పెడితే ఎలా తింటాడే? బల్ల కింద పెట్టు. పెట్టి, చూడనట్టు అటు తిరుగు."

బదిలీకి నిద్ర వదిలిపోయింది.

"ఒక్కసారే పెట్టకు. కొంచెం కొంచెంగా చేతిలో పెట్టు. నిన్న ఒకేసారి తిని అంతా కక్కేశాడు కదా!... ఏంటీ, మూతి తిప్పుకున్నాడా? వాడికి పొగరెక్కువైందే. సాయంత్రం నేనొచ్చి వాడి సంగతి చూస్తాను."

ఆఫీసరు తినడమంటే ఏమిటో, అందులోనూ బల్ల కింద తినడమంటే ఏమిటో బదిలీకి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. రూళ్ళకర్ర తినని మనిషని నమ్మి ఇన్నాళ్ళూ ఊరికే కూర్చున్నందుకు అతనికి తన మీద తనకే జాలి వేసింది. అన్నిటికన్నా అతన్ని కదిలించింది "వాడు" అన్న మాట. ఆఫీసరును పట్టుకుని వాడు అనగలిగినవాడంటే సామాన్యుడు కాదు. సాయంత్రం టీ దగ్గర గుమస్తాను పక్కకు లాగాడు.

"అన్నయ్యా, మీ ఇంట్లో ఆఫీసరుగారి సంగతి నాకు తెలిసిపోయింది."

గుమస్తాకు టీ పొలమారింది. "నెమ్మదిగా బాబూ! పైకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"నా నోట రాదు, ఒట్టు. ఇంతకీ ఆయన తినే రకమేనా?"

"తినే రకమా! ఎముకలు కూడా వదలడు. ఈమధ్యే ఎవరిచ్చినా ముట్టట్లేదు, నేను పెడితేనే తింటున్నాడు. మా ఆవిణ్ణి కూడా నమ్మట్లేదయ్యా, అదే మా బాధ."

"నేనేదైనా తీసుకొస్తే?"

తన కుక్క గురించి ఆఫీసులో ఒక మనిషైనా ఇంత బాధపడుతున్నందుకు గుమస్తా కళ్ళు చెమర్చాయి. "బిస్కెట్లు తెండి. రేపు మధ్యాహ్నం ఇంటికే వెళ్ళండి, మా ఆవిడ ఉంటుంది. చప్పుడు మాత్రం చెయ్యకండి, మీద పడతాడు."

బిస్కెట్లంటే ఏమిటని బదిలీ అడగలేదు. అలాంటి మాటలను విడమరిచి అడగకూడదని అతనికి తెలుసు. అయినా ఎందుకైనా మంచిదని ముందుగా నిజం బిస్కెట్లే ఒక పెద్ద డబ్బా కొన్నాడు. తరువాత ఈ రహస్యాన్ని ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరూ ఇంకొక్కరికే చెప్పారు. అలా ఒక్కొక్కరికే చెప్పుకుంటూ పోగా, మర్నాడు పొద్దున్నకల్లా ఆఫీసులో తెలియనివాడు గుమస్తా ఒక్కడే మిగిలాడు.

రూళ్ళకర్రకు కూడా తెలిసింది. ఆయన మెట్లెక్కుతుంటే పైన మలుపులో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"మన ఆఫీసరు గుమస్తా ఇంట్లోనే తింటాడట. అదీ బల్ల కింద."

"ఎక్కువ పెడితే కక్కేస్తాడట కూడా!"

రూళ్ళకర్ర మెట్టు మీదే లెక్క తేల్చేశాడు. తన పేరు చెప్పి ఒక గుమస్తా ఇంట్లో దుకాణం తెరిచాడు. కానీ కంటితో చూడనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టని మనిషి ఆయన. ఎవర్నీ ఏమీ అడగలేదు. మధ్యాహ్నం కారు తీయించి, గుమస్తా చిరునామా కనుక్కుని ఒంటరిగా బయలుదేరాడు.

ఇక్కడ ఇంట్లో పరిస్థితి బాగాలేదు. ఉదయం బిళ్ళ కూడా కుక్క ఉమ్మేసింది. ఈసారి గుమస్తా చేతిలోంచి తీసుకుని మరీ ఉమ్మింది. భార్య డాక్టరుకు ఫోన్ చేస్తే, మధ్యాహ్నం కూడా తినకపోతే ఆసుపత్రిలో పెట్టుకోక తప్పదని, తీసుకెళ్ళడానికి మనిషిని పంపిస్తానని అన్నాడు. ఆ మనిషి ఎప్పుడొస్తాడోనని ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. రూళ్ళకర్ర తలుపు మీది అట్ట చదివి, రెండోసారి కూడా చదివి, కోపంతో ఎర్రబడుతుండగా ఆమె తలుపు తీసింది.

"వచ్చేశారా! మీరొస్తారని తెలుసండీ," అంది గుసగుసగా. "తీసుకెళ్ళిపోతారా?"

"చూశాక నిర్ణయిస్తాను," అన్నాడు రూళ్ళకర్ర.

"మీకు దణ్ణం పెడతాను, ఒక్క అవకాశం ఇవ్వండి. ఆఫీసరుగారు ఒక్కసారి తింటే చాలు, మాకింకే బాధా ఉండదు."

"నా ఎదురుగానే తింటాడా?"

"మీ ఎదురుగా అయినా తింటాడేమోనని ఆశండీ. బల్ల కింద ఉన్నారు. బూట్లు విప్పి రండి."

"ఏమ్మా, అసలు ఆఫీసర్ని నేను!"

"అలాగేలెండి. కాస్త గొంతు తగ్గించి, కిందికి వంగండి."

రూళ్ళకర్ర వంగాడు. ఉద్యోగంలో చేరాక ఆయన వంగడం అదే మొదటిసారి. కుర్చీ జరిపి బల్ల కిందికి తల పెడితే, ఎదురుగా గరాటులోంచి ఒక ముఖం ఆయన్ను చూస్తోంది. భుజం నుంచి మణికట్టు దాకా బొచ్చు గొరిగి ఉంది. మోచేతి దగ్గర కుట్లు. చూపులో ఏ నిబంధనకూ లొంగని మొండితనం.

"ఇదా ఆఫీసరు?" అన్నాడు.

"ఇదేనండీ. మా ఆయన పెట్టారు పేరు. వాళ్ళ ఆఫీసులో ఆఫీసరంటే అంత గౌరవమట," అంటూ ఆమె ఉడికించిన మాంసం గిన్నె ఆయన చేతిలో పెట్టింది. "మీరు పెట్టి చూడండి. నా మీదైతే కోపం."

ఆయన లేవబోయాడు. నడుము సహకరించలేదు. చేసేదిలేక బల్ల కిందికే పూర్తిగా జరిగి, చతికిలబడి, ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. కుక్క వాసన చూసింది. ముఖం చూసింది. తన లాంటి మొండి ముఖం ఇంకొకటి ఉందని దానికి అనిపించిందేమో, ముక్క తీసుకుంది. రెండోదీ తీసుకుంది. బిళ్ళ దాచిన మూడో ముక్క కూడా చప్పుడు లేకుండా మింగి, గరాటుతో సహా తల ఆయన ఒళ్ళో పెట్టింది. ఇన్నేళ్ళలో అందరూ ఆయన్ను ఏదో ఒకటి అడిగారు, ఆయన అందరికీ లేదన్నాడు. ఆయన ఇస్తే పుచ్చుకున్న ప్రాణి ఇదొక్కటే. రూళ్ళకర్ర ఆ గరాటు కదలకుండా పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గుమస్తా భార్య అయితే బాహాటంగానే ఏడ్చేసింది.

"తిన్నారండీ! ఆఫీసరుగారు బల్ల కింద శుభ్రంగా తిన్నారండీ!"

సరిగ్గా ఆ క్షణంలో బిస్కెట్ల డబ్బాతో బదిలీ గుమ్మంలోకి వచ్చాడు. వాకిట్లో ఆఫీసు కారు. గుమ్మం పక్కన రూళ్ళకర్ర బూట్లు. లోపల బల్ల కింద తెలిసిన వీపు. బదిలీ డబ్బాను బూట్ల పక్కన భక్తిగా పెట్టి, ఆ వీపుకు ఒక నమస్కారం చేసి, వచ్చినంత మెత్తగా వెళ్ళిపోయాడు.

సాయంత్రం గుమస్తాకు రూళ్ళకర్ర గదినుంచి పిలుపొచ్చింది. అప్పటికే భార్య ఫోన్‌లో అంతా చెప్పింది కాబట్టి అతను గుమ్మంలోనే చేతులు కట్టుకుని లోపలికి వెళ్ళాడు.

"కుక్క ఆపరేషన్‌కి సెలవిచ్చే నిబంధన లేదు," అన్నాడు రూళ్ళకర్ర.

"అందుకే అడగలేదు సార్."

"రేపు మధ్యాహ్నం బిళ్ళ ఎవరు వేస్తారు?"

"మా ఆవిడ వేస్తుంది సార్. అది ఉమ్మేస్తుంది," అన్నాడు గుమస్తా.

"భోజనం వేళలో ఆఫీసరు ఎక్కడికి వెళ్ళాలన్న నిబంధన కూడా లేదు," అన్నాడు రూళ్ళకర్ర కాగితాల్లోంచి తలెత్తకుండా. "పేరు సంగతి తరవాత మాట్లాడదాం. వెళ్ళు."

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆఫీసు కారు గుమస్తా ఇంటి ముందు ఆగింది. కుక్క తినేది, బిళ్ళ మింగేది, తాడు పట్టుకుంటే నాలుగడుగులు నడిచేది. వాపు తీస్తోందని డాక్టరు అన్నాడు. కానీ ఇంకా కొన్నాళ్ళు పూట తప్పకుండా ఎవరో ఒకరు పగలంతా దగ్గర కూర్చుంటే తప్ప కీలు పూర్తిగా కుదరదన్నాడు. ఇదిలా ఉండగా రూళ్ళకర్ర మీద పై ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరాలు కుప్పలుగా వెళ్ళాయి. రోజూ మీ గుమస్తా ఇంటికి వెళ్ళి ఏంచేస్తున్నారో తెలపాలని పైనుంచి తాఖీదు వచ్చింది.

అడిగినదానికి ఉన్నదున్నట్టు రాయాలి, అడగనిది రాయకూడదు అన్నది రూళ్ళకర్ర నియమం. కుక్క గురించి వాళ్ళు అడగలేదు. "ఆఫీసరుకు అన్నం తినిపిస్తున్నాను," అని రాశాడాయన. "నేను బల్ల కింద కూర్చుంటే తప్ప అతను తినడు. ఆలస్యమైతే మొరుగుతాడు."

పైవాళ్ళు ఆ జవాబును నలుగురూ కలిసి చదివారు. ఇన్నేళ్ళు ఒక్కరోజు కూడా విశ్రాంతి లేకుండా పనిచేసిన మనిషి కదా అని నొచ్చుకుని, దర్యాప్తు మూసేసి, రూళ్ళకర్రకు అడక్కుండానే దీర్ఘకాలం సెలవు మంజూరు చేశారు.

కుక్క మోచేతికి ఆ సెలవు సరిగ్గా సరిపోయింది.