షోకేసు బొమ్మకి కొత్త ముఖం

ఆ ఆదివారం పొద్దున్న చమ్కీ పిన్ని వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. బొమ్మ గౌను కుట్టడం ముందురోజే అయిపోయింది. ఛాతీ మీద చమ్కీలు కూడా అతికించేసింది. ఇక అంచుకి నీలం పూలు వేయాలి, రంగు ఆరబెట్టాలి, బొమ్మకి తొడగాలి, సాయంత్రం బొమ్మల షాపాయన చేతిలో పెట్టాలి. ఇంట్లో మిగతా ఇద్దరూ ఏమీ చేయకుండా ఉంటే చాలు. పథకంలో కష్టమైన భాగం అదేనని ఆవిడకి అప్పుడు తట్టలేదు.

ఎప్పుడు చూసినా మోచేతి మీదో చెవి వెనకో ఒక చమ్కీ మెరుస్తూ ఉంటుందని వీధి పిల్లలు ఆవిడకి చమ్కీ పిన్ని అని పేరు పెట్టారు. ఆవిడ కుట్టే బొమ్మల గౌనులు ఇన్నాళ్లూ షాపులో అట్టడుగు అరలో, బంతులకి గాలి కొట్టే పంపుల పక్కన పడి ఉండేవి. మొన్న షాపాయన షోకేసులోని బొమ్మనే తీసి ఆవిడ చేతికిచ్చాడు. "దీనికో మంచి గౌను వెయ్యండమ్మా. నచ్చితే షోకేసు మొత్తం మీదే. నచ్చకపోతే మళ్లీ నన్నడగొద్దు" అన్నాడు. ఆ అద్దం ముందు నుంచి నడిచినప్పుడల్లా పిన్ని అందులో తన గౌనులు ఊహించుకునేది. ఆ ఆశ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే సాయం చేస్తారని భయం.

పూలు చక్కగా కుదిరాయి. ముందు వైపు రంగు వెనక్కి దిగకుండా గౌను లోపల అట్టముక్క దూర్చి బల్ల మీద పరిచింది. "ఆరేదాకా ఎవరూ ముట్టుకోకండి. ఆరాక తిరగేసి ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది" అని ఇల్లంతా వినబడేలా చెప్పి, బొమ్మ జుట్టుకి రిబ్బను కొనడానికి బజారుకి వెళ్లింది.

భర్త లెక్కల మాస్టారు. ఏ పనిలోనైనా ఇంకాస్త మంచి పద్ధతి ఉంటుందని ఆయన నమ్మకం. అలా పడుకోబెడితే గాలాడక ఎప్పటికి ఆరుతుందని ఆలోచించి, అట్టముక్క లాగేసి, గౌను బొమ్మకే తొడిగి కిటికీలో నిలబెట్టాడు. కాసేపయ్యాక చూస్తే గౌను బొమ్మ కాళ్లకి అతుక్కుపోయి ఉంది. కంగారుగా తల మీదుగా లాగి కుర్చీ మీద పడేశాడు. మోకాళ్ల మీద నీలం పూలు అచ్చుపడ్డాయి. బుగ్గ మీద పెద్ద నీలం మరక. మోకాళ్లు గౌను కింద దాక్కుంటాయి, బుగ్గనెక్కడ దాచాలి?

తడిగుడ్డకి మరక పోలేదు. గోళ్ల రంగు తుడిచే మందు తెచ్చి రుద్దాడు. నీలం పోయింది. దాంతోపాటు ఒక కన్నూ, సగం మూతీ కూడా పోయాయి. మాస్టారు కాసేపు నిలబడి ఆలోచించాడు. రెండు వైపులా ఒకేలా ఉంటే అంతగా తెలియదని రెండో కన్ను కూడా తుడిచేశాడు.

ఈలోగా అత్తగారికి కుర్చీ మీద గౌను కనబడింది. ముట్టుకోవద్దన్న మాట ఆవిడ చెవిన పడలేదు గానీ ఇస్త్రీ మాట పడింది. కోడలికి శ్రమ తగ్గించాలని పెట్టె బాగా వేడెక్కనిచ్చి, గౌను తిరగేయకుండానే అదిమింది. చమ్కీలు ఒక్కసారిగా ముడుచుకుని, చిన్న చిన్న గిన్నెల్లా పైకి లేచాయి.

రిబ్బనుతో తిరిగొచ్చిన పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమండీ, దీని మొహమేది?"

"కొంచెం చెరిగింది."

"కొంచెమా! కళ్లు లేవు, మూతి లేదు, ముక్కొక్కటే మిగిలింది!"

"అది రంగు కాదుగా, అందుకని పోలేదు" అన్నాడు మాస్టారు నిజాయితీగా.

పిన్ని గౌను అందుకుంది. "చమ్కీలకి ఇస్త్రీ ఎవరు చేశారు?"

"నేనే చేశానమ్మాయ్. మంచికి పోతే ఇదీ మర్యాద!" అని అత్తగారు ఎదురు కుర్చీలో కూలబడి, చేతులు కట్టుకుని, మూతి బిగించి కూర్చుంది.

పిన్నికి ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే ఈలోగా షాపు మూసేస్తారు. కరిగి పట్టేసిన జిగురు తీస్తే గుడ్డ చిరుగుతుంది కాబట్టి చమ్కీలని అలాగే వదిలేసి, సన్న కుంచె తీసి ముఖం వేయడం మొదలుపెట్టింది. తలెత్తినప్పుడల్లా ఎదురుగా అత్తగారే. కన్ను చూసిందే చెయ్యి వేసింది. ముడిపడిన కనుబొమలు, బిగుసుకున్న మూతి, నిలదీసే చూపు.

"ఇది అమ్మ కదూ!" అని మాస్టారు గుసగుసలాడాడు.

"మెల్లగా! మళ్లీ వేయడానికి టైము లేదు." పిన్ని గౌను తొడిగి, బొమ్మని రుమాల్లో చుట్టేసింది.

"నేనూ వస్తా. చెడగొట్టానో లేదో ఆ షాపాయన్నే అడుగుదాం" అని అత్తగారు చెప్పులేసుకుంది. ఆపే ధైర్యం ఇద్దరికీ లేదు. ముగ్గురూ షాపుకి బయల్దేరారు.

షాపాయన రుమాలు విప్పి, బొమ్మని చూసి, తెలియకుండానే చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇలా చూస్తోంది? నేనేమన్నా తప్పు చేశానా?"

ఆయన అనుమానంగానే బొమ్మని షోకేసులో నిలబెట్టాడు. బయట అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డ పిల్లలు ఒకడుగు వెనక్కి వేసి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు. రోజూ ఆ అద్దం తుడవలేక చస్తున్న షాపాయన ముఖం వెలిగిపోయింది.

"షోకేసు మీదేనమ్మా! గౌనులు మీ ఇష్టమొచ్చినట్టు కుట్టుకోండి, మొహం మాత్రం మార్చకండి."

గౌను గురించి ఒక్క మాటా లేదు. పిన్నికి మనసు చివుక్కుమంది. అయినా షోకేసు షోకేసే కదా అని సంతోషించబోతుండగా అత్తగారు కళ్లజోడు సర్దుకుని అద్దం దగ్గరికి నడిచింది. బొమ్మని కిందనుంచి పైదాకా చూసింది.

"ఎవరిని చూసి వేశావో తెలీదనుకున్నావా?"

"అత్తయ్యా, అది..."

"అచ్చం నువ్వే. పొద్దున్న ఇస్త్రీ సంగతి తెలిసినప్పుడు ఇదే మొహం పెట్టావు."

పిన్ని కాదనబోయి అద్దంలో తన నీడ చూసుకుంది. కనుబొమలు ముడిపడే ఉన్నాయి, మూతి బిగిసే ఉంది. "నువ్వు చెప్పరా, ఎవరిలా ఉంది?" అని తల్లి కొడుకువైపు తిరిగింది.

మాస్టారు బూటు లేసు కట్టుకోవడానికి కిందకి వంగి, షాపాయన షట్టరు దించేదాకా లేవలేదు.