ఇరవై దాటని కారు

ఆ సోమవారం పొద్దున మాస్టారు పెట్టుకున్న పనులు మూడే మూడు. ఆరున్నరకు కారు తియ్యాలి. ఏడింటికి మేనేజరమ్మ ఇంటి గేటు ముందు హారన్ కొట్టాలి. ఆవిడ చేత నాలుగు రోడ్ల కూడలిలో ఒక మలుపు తిప్పించి, ఎనిమిదింటికల్లా ప్రాణాలతో ఇంటికి రావాలి. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకు డ్రైవింగ్ నేర్పుతున్న మనిషికి ఇదొక లెక్క కాదు.

కానీ కారు కూర్చుని ఉంది.

ముందు భాగం బాగానే నిలబడింది. వెనక భాగం మాత్రం తెల్లారేసరికి నేలకు దిగిపోయింది. చక్రాలు సగం వరకూ లోపలికి దూరాయి. కడుపునిండా మేసి కూలబడ్డ గేదెలా ఉంది.

"ఏమండీ, మళ్ళీ కూర్చుంది," అంది ఇల్లాలు కిటికీలోంచి.

"కనిపిస్తూనే ఉంది."

"ఇక లేవదా?"

"స్టార్టు చేస్తే లేస్తుంది. స్ప్రింగుల మీద కాదు, గాలి సంచుల మీద నిలబడే బండి ఇది. ఎక్కడో గాలి పోతోంది, అంతే."

"గాలి మీద నిలబడేదానికా అంత డబ్బు పోశారు?"

మాస్టారు కారు అవతలి వైపుకు నడిచాడు. ఎదురుగా పెద్ద బండి వస్తే పక్కకు తప్పుకోవాలన్నది ఆయన శిష్యులకు నేర్పే మొదటి పాఠం. ఇంట్లో కూడా అదే పాటిస్తాడు.

ఆ కారు ఇంటికొచ్చి మూడు వారాలైంది. పద్నాలుగేళ్ళ కిందట దాన్ని కొత్తగా కొన్నవాడికి పెద్ద ఆస్పత్రి ఉంది. అప్పట్లో దాని ధరకు రెండంతస్తుల ఇల్లు వచ్చేది. తోలు సీట్లు, చెక్క పలకల డాష్‌బోర్డు, తలుపు వేస్తే బీరువా మూసినంత గంభీరమైన చప్పుడు. ఇప్పుడది మామూలు చిన్న కారు ధరకే వచ్చింది. ఎందుకొచ్చిందని మాస్టారు అడగలేదు. బేరం కుదిర్చింది బావమరిది. ఆ ఇంట్లో బావమరిది తెచ్చిన బేరాలకు ప్రశ్నలుండవు.

కొనక తప్పని పరిస్థితి కూడా ఉంది. ఎదురు వీధిలో ఆరు కొత్త కార్లతో ఇంకో డ్రైవింగ్ స్కూలు వెలిసింది. మాస్టారి పాత కారుకు ఒక తలుపు తాడుతో కట్టి ఉండేది. శిష్యులు ఒక్కొక్కరే రోడ్డు దాటి అటు వెళ్ళిపోయారు. మిగిలింది బ్యాంకు మేనేజరమ్మ ఒక్కతే. ఆవిడకు వేగమంటే చచ్చేంత భయం.

"పెద్ద కారులో నేర్పితే నా భయం పోతుంది మాస్టారూ," అందావిడ. "నాకు లైసెన్సు రానివ్వండి. మా ఆఫీసులో ఇంకా పన్నెండు మందికి నేర్పించాలి. ఫీజు బ్యాంకే కడుతుంది. మీ దగ్గరికే పంపిస్తాను. రాలేదనుకోండి, ఎదురు వీధి ఎలాగూ ఉంది."

పన్నెండు మందంటే స్కూలుకు ఏడాది ప్రాణం. లేకపోతే నెలాఖరుకు బోర్డు దించెయ్యాలి. మాస్టారు పెద్ద కారు కొనేశాడు.

కొనగానే చేయించిన మొదటి పని బ్రేకు. డ్రైవింగ్ స్కూలు కార్లలో పక్క సీటు దగ్గర ఇంకో బ్రేకు పెడలుంటుంది. శిష్యుడు కంగారుపడితే గురువు తొక్కడానికి. ఈ కారును చేసినవాళ్ళు అలాంటిది పెట్టలేదు. ఇంత ఖరీదైన బండిలో ఎవరైనా ఓనమాలు దిద్దుతారని వాళ్ళ ఊహకు అందలేదు. వీధి చివర వెల్డరు పాత కారు పెడలును ఒక ఇనప కడ్డీతో దీనికి అతికించాడు. ఖర్చు మూడు వందలు. ఈ కారు మీద పెట్టిన డబ్బులో మాస్టారు బాధపడకుండా ఇచ్చింది అదొక్కటే.

సోమవారం పాఠం ఎప్పటిలాగే సాగింది.

"మాస్టారూ, ఇక్కడేదో పచ్చగా వెలిగింది," అంది మేనేజరమ్మ.

"వెలగనివ్వండమ్మా."

"ఇప్పుడు ఎర్రగా వెలిగింది."

"అది దాని చెల్లెలు. మీరు రోడ్డు చూడండి."

"కాలుతున్న వాసన వస్తోంది."

"ఎవరో చెత్త తగలబెడుతున్నారు. యాక్సిలరేటరు తొక్కండి."

"పూర్తిగా తొక్కేశాను. నేలకు ఆనింది. ఇరవై దాటట్లేదు."

పక్కనుంచి పాలవాడు సైకిలు మీద దాటిపోతూ జాలిగా చూశాడు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. మేనేజరమ్మ మాత్రం వెలిగిపోతోంది.

"ఎంత తొక్కినా ఎంత మర్యాదగా పోతోందో చూడండి! పెద్ద కారంటే ఇదండీ."

టెస్టు శుక్రవారం. ముప్పయ్యన్నా అందుకోని కారును ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు. మాస్టారు పాఠం ముగించి నేరుగా మెకానిక్ షెడ్డుకు పోయాడు. మూడు వారాల్లో అది ఏడోసారి.

మెకానిక్ చేతిలో ఒక స్కానరుంది. దాని తీగను కారుకు గుచ్చి, తెర మీద చదివి, పెదవి విరిచాడు.

"ఇరవై మూడు లోపాలు చూపిస్తోంది మాస్టారూ."

"పోయిన వారం ఇరవై ఒకటే కదా?"

"పెద్ద బండి కదండీ. ఊరికే ఉండదు."

అప్పటికే పెట్రోలు పంపు మార్చాడు. ముప్పై ఎనిమిది వేలు. గేరుబాక్సు ఆయిలు మార్చాడు. పద్దెనిమిది వేలు, అది కూడా ఆయిలుకే. వెనక గాలి సంచుల్లో ఒకటి మార్చాడు. నలభై రెండు వేలు. రెండోది కూడా మారిస్తే తప్ప మొదటిది నిలబడదని తరవాత చెప్పాడు. రోగం మాత్రం అంగుళం కదల్లేదు.

విచిత్రమేమిటంటే, మెకానిక్ ఒంటరిగా నడిపితే కారు గుర్రంలా దూకుతుంది. పక్కన మాస్టారు కూర్చుంటే ఇరవై దగ్గర చతికిలబడుతుంది.

"బరువు సమస్య," అని తేల్చాడు మెకానిక్. "పక్క సీటు మీద బరువు పడితే ఎక్కడో వైరు నలుగుతోంది."

మర్నాడు పరీక్ష కోసం ఇల్లాలిని కూర్చోబెట్టారు. ఆవిడ మాస్టారి కంటే పదహారు కిలోలు ఎక్కువ. కారు తొంభైలో పోయింది. ఆవిడ కేకలు షెడ్డు దాకా వినిపించాయి.

"బరువు కాదు బావా," అన్నాడు బావమరిది తల పంకించి. "ఈ కారుకు నువ్వంటే పడదు."

"ఒరే, దీన్ని తెచ్చినవాడివి నువ్వు. నోర్మూసుకో."

"నేను తెచ్చినప్పుడు బాగానే ఉంది మరి. నీ దగ్గరికొచ్చాకే ఇలా అయింది."

"మా తమ్ముణ్ణి అంటారేం?" అంది ఇల్లాలు, అప్పటికి కొంచెం ఊపిరి తీసుకుని.

మెకానిక్ కొత్త సంగతి కనిపెట్టాడు. సీటు కింద ఒక సెన్సరుంటుందట. ఎవరు కూర్చున్నారో, ఎంత ఉన్నారో కారు మెదడుకు చెబుతుందట. అది మాస్టారి గురించి తప్పుడు కబుర్లు చేరవేస్తోందట. బుధవారం పాత కారును తుక్కు కింద అమ్మేసి మాస్టారు ఆ సెన్సరు కొన్నాడు. బిగించారు. ఇరవై.

"బ్రేకు ప్యాడ్లు కూడా అరిగిపోయాయండీ," అన్నాడు మెకానిక్ చక్రం విప్పి. "వేసి పది రోజులే అయింది. మేనేజరమ్మగారు బ్రేకు మీంచి కాలు తియ్యరా ఏంటి?"

"ఆవిడా? అసలు బ్రేకెక్కడుందో ఆవిడకు ఇంకా రూఢిగా తెలీదు."

ప్యాడ్లు కూడా మార్చారు.

గురువారం మధ్యాహ్నానికి మెకానిక్ చివరి అనుమానం బయటపెట్టాడు. మాస్టారి ఒంటి మీద ఉన్న లోహమేదో కారు మెదడును తికమక పెడుతోంది. ఫోను తీయించాడు. వాచీ తీయించాడు. తాళాల గుత్తి, జేబులో పెన్ను, ఆఖరికి బెల్టు కూడా తీయించాడు. మాస్టారు రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని పక్క సీటులో కూర్చున్నాడు. బావమరిది స్టీరింగు పట్టాడు. మెకానిక్ వెనక సీటు ముందు బోర్లా పడుకుని, టార్చితో ముందు సీటు కిందికి చూస్తున్నాడు. కారు బయల్దేరింది. పది. పదిహేను. ఇరవై.

"మాస్టారూ," అన్నాడు మెకానిక్ కింది నుంచి.

"ఊఁ."

"ఇక్కడొక బూటు కనిపిస్తోంది. ఎవరిది?"

"నాదే. ఇంకెవరిది?"

"ఎక్కడుంది?"

"నా కాలికుంది."

"కాలెక్కడుంది మాస్టారూ?"

మాస్టారు కిందికి వంగి చూసుకున్నాడు. పక్క సీటులో కూర్చోవడం మొదలుపెట్టిన ఇరవై రెండేళ్ళలో తన కాలు చూసుకోవడం ఆయనకు అదే మొదటిసారి. కాలు బ్రేకు మీద ఉంది. నిమ్మళంగా, సొంత ఇంట్లో ఉన్నట్టు ఉంది.

పాత కారు బ్రేకు బండరాయి. దాని మీద కాలు ఆనించినా కదిలేది కాదు. ఈ కారు బ్రేకు వెన్న. కాలి బరువుకే పని చేస్తుంది. యాక్సిలరేటరూ బ్రేకూ ఒకేసారి తొక్కితే డ్రైవరుకు మతి పోయిందనుకుని ఇంజను తన జోరు తనే తగ్గించుకుంటుంది. పంపు బాగానే ఉంది. ఆయిలు బాగానే ఉంది. సెన్సరు నిజమే చెప్పింది.

బావమరిది కారును రోడ్డు పక్కన ఆపాడు.

"పాత పంపు మళ్ళీ బిగించి, కొత్తది తీసేసుకుంటావా?" అన్నాడు మాస్టారు.

"పాతవన్నీ పారేశానండీ."

ఇంట్లో ఈ సంగతి బావమరిదే చెప్పాడు. మాస్టారు వద్దన్నా చెప్పాడు.

"కాలెక్కడ పెట్టాలో లోకమంతటికీ నేర్పేది మీరే కదండీ?" అంది ఇల్లాలు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ పెడలు మొహం ఇక చూడనని మాస్టారు పట్టుబడితే, మెకానిక్ ఆ సాయంత్రమే దాన్నీ, కడ్డీనీ పీకేశాడు. మాస్టారు పక్కన కూర్చుని వెళ్ళి చూశాడు. కారు తొంభై దాటింది. మూడు వారాల తరవాత ఆయనకు ఆకలి వేసింది. మేనేజరమ్మకు ఫోను చేద్దామనుకుని మానేశాడు. రేపు ఆవిడే చూసి సంతోషిస్తుంది కదా అనుకున్నాడు.

శుక్రవారం తొమ్మిదింటికి లైసెన్సు ఆఫీసు వెనక మైదానంలో ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టారు. అవతలి చివర పెద్ద గొడుగు కింద బల్ల, బల్ల మీద దరఖాస్తుల దొంతర, దాని వెనక ఇన్‌స్పెక్టరు. మాస్టారు పక్క సీటులో చేతులు కట్టుకుని కూర్చోవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. అదీ నియమం.

మేనేజరమ్మ బెల్టు పెట్టుకుంది. అద్దం సర్దుకుంది. వెనక్కి చూసింది. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేసింది. తరవాత మూడు వారాలుగా రోజూ చేసినట్టే యాక్సిలరేటరును నేలకు అదిమేసింది.

మూడు వందల గుర్రాల ఇంజను ఒక్కసారి గర్జించింది. మొదటి కోను ఎగిరింది. రెండోది, మూడోది కారు కిందికి పోయాయి. మాస్టారి కాలు ఇరవై రెండేళ్ళ అనుభవంతో బ్రేకు ఉండవలసిన చోట బలంగా దిగింది. అక్కడ తివాచీ ఉంది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ తివాచీయే.

"బ్రేకు! బ్రేకు!" నియమం మరిచిపోయి అరిచాడు.

"మీరు తొక్కండి!"

"నాకు లేదు!"

ఇన్‌స్పెక్టరు చదువుకున్నవాడు. ముందే లేచి పరిగెత్తాడు. కారు బల్లను పడగొట్టి, గొడుగును బానెట్టు మీద ఎక్కించుకుని, ప్రహరీగోడ మరమ్మతు కోసం పోసిన ఇసక గుట్టలోకి దూరి ఆగింది. దరఖాస్తులు మైదానమంతా ఎగిరాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అంతా సద్దుమణిగాక కారు వెనక భాగం బుస్సుమని నిట్టూర్చి కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు సగం ఎక్కిన గోడ దిగి, ప్యాంటు దులుపుకుంటూ వచ్చాడు.

"ఇది డ్రైవింగు టెస్టా, హత్యాప్రయత్నమా?"

కింద పడ్డ దరఖాస్తుల్లోంచి మేనేజరమ్మది వెతికి అడ్డంగా కొట్టేశాడు.

"వచ్చే నెల రండి. నేను సెలవులో ఉన్నప్పుడు రండి."

మాస్టారికి పన్నెండు మంది వరసకట్టి ఎదురు వీధికి నడిచిపోతున్నట్టు కనిపించింది. మేనేజరమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఆయన వైపు తిరిగింది. గొంతు మాత్రం బ్యాంకు గొంతే.

"నా కారు ఎవరు ముట్టుకున్నారు?"

"రిపేరు చేయించానమ్మా. లోపం దొరికింది. ఇప్పుడు నూరు కూడా పోతుంది."

"నూరు పొమ్మని ఎవరడిగారండీ? మూడు వారాలు హాయిగా నడిపాను. ఎంత తొక్కినా ఇరవై దాటలేదు. అంత నమ్మకమైన కారు నేనెక్కడా చూడలేదు. దాన్ని తీసుకుపోయి ఇలా పాడు చేయించారా?"

"పాడు కాదమ్మా, బాగు..."

"ఇదా బాగు?" ఆవిడ ఇసక గుట్ట వైపు చెయ్యి చూపించింది. "మా వాళ్ళు పన్నెండు మందీ నాకంటే పిరికివాళ్ళు. ఎదురు వీధి కార్లు రయ్యిమని పోతాయని అటు వెళ్ళనంటున్నారు. ఎక్కడ చెడిందో చూసి, ఇదివరకటిలా చేయించండి. ఇరవై దాటకూడదు. అలాగైతేనే సోమవారం నుంచి పంపిస్తాను. నేను కూడా మొదటి నుంచి వస్తాను."

ఆ మధ్యాహ్నం కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు.

"ఈసారి ఏం చెయ్యాలి?" అన్నాడు మెకానిక్.

"పాడు చెయ్యాలి."

"ఎంతవరకు?"

"ఇరవై వరకు."

మెకానిక్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఆ పెడలు మళ్ళీ బిగిస్తే చాలదా?" అన్నాడు మాస్టారు.

"బిగిస్తాను. కానీ దాని వల్ల కాదండీ. ఇప్పుడు మీకు తెలిసిపోయింది కదా, ఇక మీ కాలు అక్కడ నిలవదు. యాక్సిలరేటరు కింద చెక్క దిమ్మ పెట్టాలి. కొలిచి కొయ్యాలి. బాగు చెయ్యడమంటే ఎవడైనా చేస్తాడు. పాడు చెయ్యడం పూచీతో కూడిన పని. రేటు వేరే ఉంటుంది."

మాస్టారు పర్సు తీశాడు. మెకానిక్ చెక్క కోసి, బిగించి, ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. కారు పందొమ్మిది దాకా పోయింది. ఎంత తొక్కినా ఆపైన కదల్లేదు.

ఆ మెకానిక్‌కు మొదటిసారే కుదిరిన రిపేరు అదొక్కటే.