నీలం దారిలో బోరు

ఆ రోజు పొద్దున ఉజ్మా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. వాడకట్టు కమ్యూనిటీ హాల్లో లాప్‌టాప్ తెరిచి ఒక బొమ్మ చూపించాలి. మీ మంచినీళ్ళ బావిలోకి అద్దకం రంగు వచ్చేస్తోంది, ఇప్పుడే జాగ్రత్త పడండి అని చెప్పాలి. మధ్యాహ్నం బస్సెక్కి జగిత్యాల ఆఫీసుకు వెళ్ళిపోవాలి. ఇందులో బెడిసికొట్టడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. ఉజ్మా కూడా అలాగే అనుకుంది, పాపం.

ఆమెది కోరుట్ల. భూగర్భజలాల ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. నేలను కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా కోసి, ఏ గడిలోంచి ఏ గడిలోకి నీళ్ళు జారుతాయో, వాటి వెంట మురికి ఎంత పోతుందో లెక్క కట్టడం ఆమె పని. సిరిసిల్ల శివారులోని ఆ వాడకట్టులో సర్వే పడితే మేనమామ మునావర్ ఇంట్లో దిగింది. చిక్కల్లా ఏమిటంటే, ఆమె లెక్కలో మురికి మొదలైన గడి సాక్షాత్తూ మేనమామ అద్దకం షెడ్డు వెనకున్న గుంతే. ఆ గుంతలో పారబోసిన రంగునీళ్ళు రాతి పగుళ్ళు పట్టుకుని, పోశం అనే రైతు మెట్ట చెల్క కిందుగా పాకి, వచ్చే ఎండాకాలానికి వాడకట్టు బావిలో తేలతాయని కంప్యూటర్ తేల్చి చెప్పింది.

వాడకట్టులో నల్లాలున్నాయి. అయినా తాగేది బావినీళ్ళే. నల్లా నీళ్ళతో పెడితే చాయ్ చాయ్‌లాగే ఉండదని వాళ్ళ గట్టి నమ్మకం. సర్వేకు వచ్చిన కొత్తలో ఎండకు సొమ్మసిల్లితే, ఎల్లవ్వ అనే ముసలామె ఆ బావినీళ్ళే ముంచి తాగించి, కొంగుతో ముఖం తుడిచింది. ఆ బావి పాడైపోతుందంటే ఉజ్మాకు ప్రాణం ఒప్పలేదు.

నాస్తా దగ్గర మునావర్ లాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు. నోట్లోని కిచిడీ లోపలికి దిగలేదు.

"ఏంది బేటీ, నా షెడ్డు కాడికెల్లి గీ రక్తం కాలువ?"

"రక్తం కాదు మామూ, మన రంగునీళ్ళు. భూమి లోపట గిట్ల పోతున్నయి."

"నా గుంతల నీళ్ళు ఎండకు ఆవిరైతయి, కిందికెందుకు పోతయి? సరే, నీ నౌకరీ నువ్వు చేస్కో, నేనెందుకు అద్దంట. గని గా ఎరుపు తీసెయ్, జనం బెదురుతరు. ఏదన్న చల్లటి రంగు పెట్టు. నా షెడ్డు పేరు గూడ తీసెయ్. మేనకోడలే మామ ఇజ్జత్ తీసిందని బజార్ల నవ్వుతరు."

సరిగ్గా అప్పుడే మామ భార్య ముమానీ జైనాబీ ఉజ్మా పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించింది. ఉప్పు తింటున్న ఇల్లాయె! రంగు మార్చినంత మాత్రాన లెక్క మారదు కదా అని సమాధానపడి, ఉజ్మా ఎరుపు తీసి నీలం పెట్టింది. పేర్లన్నీ చెరిపేసింది. కొంప ముంచింది ఆ నీలమే.

హాల్లోకి జనం బాగానే వచ్చారు. ఉజ్మా మీట నొక్కింది. తెర మీద ముదురు నీలం చుక్క ఒకటి పుట్టి, సాగి, వంకర తిరిగి, లేతబడుతూ బావి వైపు పాకింది. ఆమె నోరు తెరిచేలోపే ముందు వరసలోంచి పోశం దిగ్గున లేచాడు. ఆయన చెల్కలో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కినవే. నీళ్ళ పాయింటు చూసేవాళ్ళు వేపపుల్ల పట్టుకుని వచ్చారు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని వచ్చారు. అందరూ కడుపునిండా తిని వెళ్ళారు. నీళ్ళు మాత్రం రాలేదు.

"అగో! నా చెల్కలకెల్లే పోతుంది! నీళ్ళ దారి!"

"కాకా, గది నీళ్ళ దారి కాదు, మురికి పోయే దారి."

"నీళ్ళు లేంది మురికి ఎట్ల పోతది బిడ్డా? కాళ్ళున్నయా దానికి?"

ఉజ్మాకు అబద్ధం ఆడటం రాదు. "నీళ్ళయితే ఉంటయి కాకా, గనీ..."

ఆ 'గనీ' ఎవరి చెవికీ చేరలేదు. హాలంతా చప్పట్లు. పోశం అప్పటికే తెర మీది బొమ్మను ఫోన్లోకి ఎక్కించి నలుగురికీ పంపేశాడు. ఎల్లవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఉజ్మా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

"మా బావికి నీళ్ళు తోలుకస్తున్నవా బిడ్డా? నీ కడుపు సల్లగుండ!"

"అయ్యో అవ్వా, గవి రావద్దనే నా తిప్పలు!"

"గట్లనకు. వచ్చే లచ్చిమిని అద్దంటరా?" అంది ఎల్లవ్వ. సాయంత్రానికల్లా ఆడవాళ్ళంతా కలిసి బావి చుట్టూ ఊడ్చి, అలుకు చల్లి, గట్టుకు పసుపూ కుంకుమా పెట్టారు. రాబోయే విషానికి స్వాగతం ఏర్పాట్లు చూసి ఉజ్మాకు ఏడుపొచ్చింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ప్రతి ఇంట్లోనూ చాయ్ ఇచ్చారు. మాట మాత్రం పుచ్చుకోలేదు.

మర్నాడు పోశం బోరుబండి తెప్పించి సరిగ్గా నీలం చార మీదే దింపించాడు. నీళ్ళు పడ్డాయి! తాటిచెట్టంత ఎత్తున ఎగిశాయి. పడకుండా ఉంటాయా మరి? ఆ రంగు నడిచేదే రాతి పగుళ్ళలో, నీళ్ళుండేదీ ఆ పగుళ్ళలోనే. రంగు ఇంకా అంతదూరం రాలేదు కాబట్టి నీళ్ళు స్ఫటికంలా ఉన్నాయి. పోశం ఆ నీళ్ళలో తడుస్తూ వీడియో కాల్‌లో చుట్టాలందరికీ కనిపించాడు. ఇక ఉజ్మాను పట్టుకోవడం ఎవరి తరం? కొడిమ్యాల నుంచి ఫోన్లు, వెల్గటూర్ నుంచి ఫోన్లు. మెట్‌పల్లి రైతు ఒకాయన పసుపు కొమ్ముల సంచీతో ఏకంగా గుమ్మంలోకే దిగాడు.

"మేడం, గా నీలం గీతను జర నా మక్క చేను దిక్కు మలుపుండ్రి. ఊకెనే ఏం అద్దు."

"గీత నేను గీసింది కాదు తాతా! కంప్యూటర్ లెక్క!"

"గా కంప్యూటర్‌కే చెప్పుండ్రి మేడం. మీ మాట వింటది."

ఇవన్నీ చూస్తున్న మునావర్‌కు హఠాత్తుగా ఒక సంగతి గుర్తొచ్చింది. బొమ్మలో నీలం అన్నిటికన్నా చిక్కగా ఉన్నది ఎక్కడ? తన షెడ్డు కింద! పోశం దగ్గర లేత నీలానికే తాటిచెట్టంత నీళ్ళయితే, ఇక్కడ సముద్రమే ఉండాలి. రోజూ ట్యాంకర్ నీళ్ళు పోయించుకుంటూ ఇన్నాళ్ళూ సముద్రం మీద కూర్చున్నానా అని నెత్తి కొట్టుకున్నాడు.

"మామూ, అల్లా కసమ్! గది నీ గుంతల రంగే. నువ్వు ఎరుపు అద్దంటెనే నీలం పెట్టిన!"

"పోశం కాడ నీళ్ళు, నా కాడ రంగా? ఊరోళ్ళకో లెక్క, మామకో లెక్కనా బేటీ?"

బోరుబండి వచ్చింది. నీళ్ళు పొంగాయి. అప్పటికి పొద్దుగూకింది కాబట్టి రంగెవరూ పట్టించుకోలేదు. ఆ సంతోషంలో మునావర్ శుక్రవారం దావత్ ప్రకటించి, పోశాన్నీ వాడకట్టు పెద్దమనుషుల్నీ పిలిచాడు. మోటారు బిగించి, బోరు పైపు ఇంటి ట్యాంకులోకే పెట్టించాడు.

శుక్రవారం నమాజుకు మునావర్ వేసుకెళ్ళిన తెల్ల కుర్తా కొంచెం నీలంగా ఉంటే, భాభీ నీలిమందు డబ్బా అంతా పోసిందా అని మసీదు దగ్గర నవ్వారు. మునావర్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ పరిచి అందర్నీ కూర్చోబెట్టాడు. వంట హడావిడిలో నీళ్ళ రంగు చూసుకోని జైనాబీ బగారన్నం డేగిసా మూత తీసింది. అన్నం మెతుకు మెతుకూ నీలంగా ఉంది.

"గిదేం అన్నం సేటూ?" అన్నాడు పోశం, చెయ్యి వెనక్కి తీసుకుని.

మునావర్ జన్మంతా రంగులతోనే గడిపినవాడు. ఒక్క మెతుకు వేలి మీద పెట్టుకుని వెలుతురుకు పట్టి చూశాడు. పనివాడి గర్వం ఊరుకోనిస్తుందా? మనసులో ఉన్నది నోట్లోంచి దూకేసింది.

"అరే, గిది నా నేవీ బ్లూ! సిరిసిల్లల గీ షేడు ఇంకెవ్వనికీ రాదు!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం? నలుగురూ విన్నారు.

"అంటే సేటూ," అన్నాడు పోశం మెల్లగా, "నా చెల్క కిందికెల్లి పోయే దారి..."

గుమ్మం దగ్గర కూర్చున్న ఎల్లవ్వ చివాలున లేచింది. "మా బావికి వచ్చే లచ్చిమి గిదేనా? థూ! పసుపు కుంకుమ పెట్టి మరీ పిలిస్తిమి గదనే!"

అందరూ ఉజ్మా వైపు తిరిగారు. ఆమె లాప్‌టాప్ తెచ్చి, మొదటి రోజు ఆగిపోయిన మాట దగ్గరినుంచి మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. ఈసారి ఒక్కరూ అడ్డురాలేదు. జైనాబీ మాత్రం మొగుణ్ణి వదల్లేదు. "పిల్ల నెత్తినోరు కొట్టుకుంది. చల్లటి రంగు కావాల్నా? తిను ఇప్పుడు, చల్లగ!"

మునావర్ ఆ రాత్రే గుంతలోకి పోయే కాలువ మూయించాడు. తెల్లారి వ్యాపారి బుర్ర పనిచేసింది. ఇంటికి పనికిరాని నీళ్ళు అద్దకానికి పనికొస్తాయి కదా! బోరు నీళ్ళు తోడి తొట్లలోకి పోయించాడు. ట్యాంకర్ పీడ వదిలింది, నేవీ బ్లూకి సగం రంగు కలిసొచ్చింది. మోటారు ఆపితే నష్టం కాబట్టి పగలంతా తోడుతూనే ఉన్నాడు. నేలలోకి దిగిన రంగంతా దిగిన దారినే వెనక్కి వచ్చి ఆయన తొట్లలో పడింది. భయంతో ఏ పెద్దమనిషీ చెయ్యని పని ఆశతో మునావర్ చేశాడు.

ఎండాకాలం వచ్చింది. ఉజ్మా బావినీళ్ళు పరీక్షకు పంపింది. రంగు జాడే లేదు. ఎల్లవ్వ ఆ నీళ్ళతోనే చాయ్ పెట్టి ఇచ్చింది. ఉజ్మాకు ఎంత సంతోషమేసిందంటే, బస్సులో జగిత్యాల దాకా ఒంటరిగా నవ్వుకుంటూ వెళ్ళింది.

ఆఫీసులో ఆమె బల్ల మీద మెమో ఉంది: కంప్యూటర్ నమూనా ప్రకారం ఈ ఎండాకాలం పాడు కావలసిన బావి ఎందుకు పాడు కాలేదో వారంలోగా సంజాయిషీ ఇవ్వవలెను.