తోక మీద చుక్కలు

"చరణ్, ఆసియా ఖండంలో నాలాంటి మెదడు ఇంకొకటి పుట్టలేదు. పుట్టినా బతకలేదు," అని నాతో ప్రకటించాడు నా స్నేహితుడు రఘునందన్, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర నిలబడి, మీసానికంటిన ఉస్మానియా బిస్కెట్ పొడి తుడుచుకోకుండానే.

ఊళ్లో కుర్రకారంతా జావా నేర్చుకోవడానికి అమీర్‌పేట పరిగెడుతున్న రోజులవి. మావాడూ నేర్చుకున్నాడు. సగం. మిగతా సగం ఫీజుతో 'డిటెక్టివ్ రఘునందన్' అని కార్డులు అచ్చేయించుకున్నాడు. అప్పటిదాకా పట్టిన కేసు ఒక్కటే. పోయిన తన చెప్పుల కోసం యూసుఫ్‌గూడలో ఇల్లిల్లూ సోదా చేశాడు. అవి కాళ్లకే ఉన్నాయి.

నేను ఫిల్మ్‌నగర్‌లో ఆర్ట్ అసిస్టెంటుని. మా సినిమా కోసం ఫైబర్‌తో చేసిన డమ్మీ హెలికాప్టర్‌కి అసలైన సైనిక రంగు వేయాలి. ఆ రంగు చూపించడానికి వైమానిక దళ పైలట్ ఉదయశ్రీ, ఆవిడ ఇంజనీరు సెబాస్టియన్ ఒప్పుకున్నారు. తమ హెలికాప్టర్‌కి రంగులేస్తున్న షెడ్డుకి వెళ్తూ చెక్‌పోస్టు దగ్గర నన్ను జీపెక్కించుకున్నారు. రఘునందన్ పిలవకుండానే ఎక్కాడు.

షెడ్డు ఇన్‌చార్జి మంజులత ఏడుపు మొహంతో ఎదురొచ్చింది. "మేడమ్, తోక మీది నంబరు మళ్లీ పాడైంది. మూడోసారి! పచ్చి రంగు మీద ఏవో చుక్కలు. షెడ్డు తాళం పెయింటర్ పోచయ్య దగ్గరే ఉంటుందని పైవాళ్లు అతన్ని తీసేయమంటున్నారు."

ఉదయశ్రీ మొహం బిగుసుకుంది. "రేపు గోదావరి వరదలో చిక్కుకున్నవాళ్లకి తిండి చేర్చాలండీ. నంబరు లేకుండా నన్ను ఎగరనివ్వరు."

"భయపడకండి! డిటెక్టివ్ రఘునందన్ రంగంలోకి దిగాడు!" అంటూ మావాడు రంగు డబ్బాలోకి దిగాడు.

ఆకుపచ్చ బూటుతోనే తోక దగ్గరికెళ్లి భూతద్దం పెట్టాడు. "ఇవి చుక్కలు కావు, బైనరీ! చుక్క ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. శత్రువుల రహస్య సందేశం!"

"ఏమని?" అన్నాడు సెబాస్టియన్.

"అది కోర్సు రెండో సగంలో ఉంటుంది."

అంతలో మొహానికి మాస్కు, ఒంటినిండా తెల్లటి తొడుగుతో పెయింటర్ పోచయ్య వచ్చాడు. రఘునందన్ ఎగిరి ఆ మాస్కు లాగేశాడు. "గూఢచారీ! నీ అసలు రంగు బయటపడింది!"

పోచయ్య దగ్గుతూ, "నీకేమన్న పిచ్చి లేసిందా? గీ వాసనకు మాస్కు లేకుంటే ఊపిరాడ్తదా? మేడమ్, గీ మనిషిని ఎవరు తెచ్చిండ్రు?" అన్నాడు.

అందరూ నావైపు చూశారు. నేను హెలికాప్టర్ వైపు చూశాను.

"నా నౌకరీ పోయేటట్టుంది, గీనె ఆటలాడుతుండు," అని పోచయ్య ఒకడుగు ముందుకేశాడు. అతని చేతిలో స్ప్రే గన్ ఉంది.

"తుపాకీ!" అని అరిచాడు రఘునందన్. సినిమా భాష ఎగిరిపోయి సొంత భాష, దాని వెనకే కన్నీళ్లు దిగాయి. "కాల్చకు అన్నా! మా అమ్మకు నేనొక్కణ్నే!"

వెనక్కి నడిచాడు. గాలి గొట్టం కాలికి చుట్టుకుంది. తూలి, మూలనున్న టార్పాలిన్ల గుట్ట అంచు పట్టుకుని పైనున్నవన్నీ లాగేశాడు.

గుట్ట "మ్యావ్" మంది.

లోపల్నుంచి ఒక బూడిదరంగు పిల్లి దూకి, తోక మీదికెక్కి, పచ్చి నంబరు మీదుగా తాపీగా నడిచింది. నడిచినంత మేరా చుక్కలు! టార్పాలిన్ల అడుగున కళ్లింకా సరిగ్గా తెరవని నాలుగు కూనలు.

ముందు ఉదయశ్రీ నవ్వింది. తర్వాత మంజులత కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పైవాళ్లకి ఇప్పుడే ఫోన్ చేస్తాను పోచయ్యా. నిన్నింకెవరూ మాటనరు." పోచయ్య కూనల్ని అట్టపెట్టెలోకి ఎత్తి, పాలకి మనిషిని పంపి, నంబరు మళ్లీ మొదలుపెట్టాడు.

మర్నాడు ఆ హెలికాప్టర్ అన్నం పొట్లాలతో గోదావరి మీదికెళ్లింది.

"అంతా నా ప్లానే," అన్నాడు రఘునందన్ ఆ రోజు షెడ్డు నుంచి తిరిగొస్తూనే. "మానసిక ఒత్తిడి పెంచాను."

"ఏడ్చావు కదరా!"

"అదే ఒత్తిడి."

వారం తిరక్కుండా కథ పెరిగిపోయింది. యూసుఫ్‌గూడలో ఇడ్లీ బండి దేవమ్మకి చెబుతుంటే నా చెవులతో విన్నాను.

"ఐదుగురి ముఠా, దేవమ్మక్కా. ఒంటి చేత్తో పట్టిన!"

"అబ్బో! పేర్లేంది బిడ్డా?"

రఘునందన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బయట పెట్టొద్దక్కా. నలుగురు మైనర్లు."